పెట్రోలులో నీళ్ళు – సీసా చెప్పిన సాక్ష్యం

మన వార్షిక సంచికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని సంఘ కార్యదర్శి అడిగినప్పుడు కృష్ణబిలాల గురించో, అణువిద్యుత్తు గురించో రాద్దామని మొదట అనుకున్నాను. కాని అవన్నీ పుస్తకాలు చూసి రాయవలసినవి. నేను రైతు బిడ్డను. పల్నాడు జిల్లాలో మిరప, పత్తి వేసుకుని బతికే కుటుంబం మాది. చేతులకు పెట్రోలు పూసుకుని నేను స్వయంగా నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. అదే రాస్తున్నాను.

ఇందులో రెండు సంగతులున్నాయి. బండి ట్యాంకులోకి నీళ్ళు కలిసిన పెట్రోలు పోతే ఎలా శుభ్రం చేసుకోవాలన్నది ఒకటి. అసలు పెట్రోలులో నీళ్ళున్నాయో లేవో ఎలా తేల్చుకోవాలన్నది రెండోది. ఈ రెండోది సరిగా తెలియకుండా నేను చేసిన పని మూలంగా ఒక పెద్దాయన నలుగురిలో తల దించుకోవలసి వచ్చింది. కనుక మిత్రులారా, ఇది సైన్సు పాఠమే కాని, కొంత నా తప్పు ఒప్పుకోలు కూడా.

జరిగిన సంగతి

2025 వినాయకచవితి సెలవులకు ఇంటికి వెళ్ళాను. పండగ వెళ్ళిన మర్నాడు తెల్లవారుజామున నాన్న పాలక్యాను తగిలించుకుని బండి మీద పాలకేంద్రానికి బయలుదేరాడు. మా బండి పాతది. 2014లో కొన్న కార్బ్యురేటరు బండి. చెరువుకట్ట దాకా బాగానే పోయిందట. అక్కడ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. నాన్న దాన్ని నెట్టుకుంటూ ఇంటికొచ్చేసరికి పాలకేంద్రం వేళ దాటిపోయింది. ఆ పూట పాలన్నీ తోడుపెట్టుకోవలసి వచ్చింది.

"రాత్రే గదరా లీటరు పోయించింది! నీళ్ళు కలిపి అమ్ముతున్నాడు బాబాయి" అన్నాడు నాన్న, చెమట తుడుచుకుంటూ.

మా ఊరికి పెట్రోలు బంకు పదకొండు కిలోమీటర్ల దూరం. ఊళ్ళో బడ్డీకొట్టు పెట్టుకున్న ఆయన నాన్నకు వరసకు బాబాయి, నాకు తాతయ్య. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సరిగా రాదు. బంకు నించి డబ్బాతో తెప్పించుకుని, లీటరు సీసాల్లో పోసి అమ్ముతాడు. లీటరుకు పది రూపాయలు మిగులుతుంది. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి ఇస్తాడు.

నాన్న వెనకాలే నేనూ కొట్టుకు పోయాను. మాటా మాటా పెరిగింది. రచ్చబండ దగ్గర ఉన్న పది మందీ చేరారు. ఎవరో కుర్రాడు "నీళ్ళు పోసి ఊపితే తెలిసిపోద్ది, ఫోన్లో చూశా" అన్నాడు. అందరూ నా వంక చూశారు. "నువ్వు బి.యస్సీ. చదువుతున్నావు గదరా, నువ్వే తేల్చు" అన్నారు.

ఆ మాటకు నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. తాతయ్య బల్లమీది సీసాల్లోంచి ఒకటి తీసుకుని, వెడల్పు సమంగా ఉన్న గాజుసీసాలో పది వేళ్ళ మందాన పెట్రోలు పోశాను. దాని మీద రెండు వేళ్ళ మందాన నీళ్ళు పోశాను. మూత బిగించి, ఊపి, బల్లమీద పెట్టాను. కాసేపటికి తేటపడింది. అడుగున రెండు వేళ్ళ నీళ్ళు ఉండవలసిన చోట నాలుగు వేళ్ళు ఉన్నాయి!

"నేను పోసింది రెండు వేళ్ళు. వచ్చింది నాలుగు. అంటే పది వంతుల పెట్రోల్లో రెండు వంతులు నీళ్ళే" అని తీర్పు చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు హోరెత్తారు. అంతకు ముందు రోజు కొన్నవాళ్ళు ఇద్దరు సీసాలు తెచ్చి తిరిగి ఇచ్చేసి డబ్బులు పట్టుకుపోయారు.

తాతయ్య ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను మాత్రం ఒక్క మాట అడిగాడు. "అది కాదురా అబ్బాయ్, నా సీసాలో నీళ్ళుంటే ముందే అడుగున కనపడాలి గదా. నువ్వు ఊపినాకనే ఎట్లా వచ్చినయ్?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని ఒప్పుకునే ధైర్యమూ లేకపోయింది. "అట్లాగే ఉంటుంది తాతయ్యా" అనేసి వచ్చేశాను.

రాత్రి మంచం మీద తట్టిన జవాబు

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బడికి నాలుగో తరగతితో స్వస్తి చెప్పిన మనిషి అడిగిన ప్రశ్న అది. అయినా అందులో తిరుగులేని తర్కం ఉంది. పెట్రోలు సాంద్రత లీటరుకు 720 నించి 775 గ్రాముల మధ్య ఉంటుంది. నీటిది వెయ్యి గ్రాములు. పెట్రోలు అణువులు హైడ్రోకార్బన్లు, ధ్రువత్వం లేనివి. నీటి అణువు ధ్రువత్వం ఉన్నది. రెండూ కలవవు. కనుక పెట్రోల్లో విడిగా నీళ్ళుంటే, ఊపకముందే అడుగున గీత గీసినట్టు కనపడాలి. తాతయ్య సీసా తేటగా ఉండటం నా కళ్ళారా చూశాను. మరి ఆ అదనపు రెండు వేళ్ళ ద్రవం ఎక్కడిది?

జవాబు మన రెండో సంవత్సరం కర్బన రసాయనశాస్త్రంలోనే ఉంది. ఇవాళ మనం కొనే పెట్రోలు వట్టి పెట్రోలు కాదు. దానిలో ఇథనాల్, అనగా ఇథైల్ ఆల్కహాలు కలుస్తుంది. మన దేశంలో 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో నూటికి 5 పాళ్ళతో ఈ పద్ధతి మొదలైంది. 2022 జూన్ నాటికి దేశం మొత్తం మీద 10 పాళ్ళకు చేరింది. 20 పాళ్ళ పెట్రోలును 2023 ఫిబ్రవరిలో విడుదల చేశారు. 2025కల్లా దేశమంతటా ఆ 20 పాళ్ళూ అందుకున్నారు. చెరకు, నూకలు, మొక్కజొన్న – మనలాంటి రైతులు పండించిన వాటి నించే ఆ ఇథనాల్ వస్తుంది.

ఇథనాల్ అణువుకు రెండు ముఖాలున్నాయి. కర్బన గొలుసు ఉన్న వైపు పెట్రోలుతో స్నేహం చేస్తుంది. హైడ్రాక్సిల్ గ్రూపు ఉన్న వైపు నీటితో హైడ్రోజన్ బంధం కడుతుంది. రెండింటిలో నీటి స్నేహమే దానికి ఎక్కువ. పెట్రోల్లో కలిసిపోయి ఉన్న ఇథనాల్‌కు నీళ్ళు కనపడితే, పెట్రోలును వదిలేసి నీళ్ళతో పాటు అడుగుకు దిగిపోతుంది. నేను పోసిన రెండు వేళ్ళ నీళ్ళు పది వేళ్ళ పెట్రోల్లోని రెండు వేళ్ళ ఇథనాల్‌ను లాక్కున్నాయి. రెండూ రెండూ నాలుగు. పైన మిగిలింది ఎనిమిది. లెక్క సరిగ్గా సరిపోయింది.

అంటే నేను చేసిన ప్రయోగం ఆయన పెట్రోలు కల్తీ అని తేల్చలేదు. అది ఇవాళ బంకుల్లో దొరికే మామూలు పెట్రోలే అని తేల్చింది! ప్రయోగం ఒప్పు, తీర్పు తప్పు. ఆల్కహాలు నీటిలో ఎందుకు కరుగుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. అదే సంగతి కళ్ళ ముందు సీసాలో జరిగితే గుర్తు పట్టలేకపోయాను.

అసలు నీళ్ళు ఎక్కడివి?

తాతయ్య పెట్రోలు మంచిదే అయితే మా బండి ఎందుకు ఆగినట్టు? మర్నాడు పొద్దున్నే నేనూ, పక్క ఊరి మెకానిక్కు అన్నా కలిసి బండి ముందు కూర్చున్నాం. ట్యాపు ఆఫ్ చేసి, కార్బ్యురేటరుకు పోయే పైపు ఊడదీసి, దాని కొస గాజుసీసాలో పెట్టాం. ట్యాపును రిజర్వుకు తిప్పాం. సీసా నిండింది. ఈసారి నేనేమీ పోయలేదు, ఊపలేదు. పది నిమిషాలు ముట్టుకోలేదు. అడుగున నాలుగు వేళ్ళ మందాన కలక ద్రవం, అందులో మట్టి, గడ్డినలుసులు తేలిపోయాయి. ఇవి నిజమైన నీళ్ళు.

గడ్డినలుసులు చూడగానే నాకు గుండె జారింది. గడ్డివాము పక్క రేకుల చావిట్లో పవర్ స్ప్రేయరు కోసం మేం పెట్టుకున్న అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాని మూత వేసవి సెలవుల్లో పోయింది. పోగొట్టింది నేనే. మూతికి పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసిందీ నేనే. రేకు సందులోంచి వానచుక్క పడే చోట ఆ డబ్బా ఉంది. పోయి చూస్తే, డబ్బా అడుగునా అదే కలక ద్రవం, అవే నలుసులు.

నాన్నను అడిగితే గుర్తు తెచ్చుకుని చెప్పాడు. పది రోజుల కిందట బంకుకు పోయే తీరిక లేక ఆ డబ్బాలోది రెండు లీటర్లు బండిలో పోశాడట. మరి పది రోజులు బండి ఎలా నడిచింది? ఇక్కడ ట్యాంకు నిర్మాణం తెలియాలి. ట్యాంకు లోపల ట్యాపుకు రెండు దారులుంటాయి. "ఆన్"లో పెడితే కాస్త ఎత్తుగా నిలబడిన గొట్టం పైనించి పెట్రోలు వస్తుంది. "రిజర్వు"లో పెడితే అడుగునించి వస్తుంది. నీళ్ళు బరువు కనుక అడుగునే పడుకుని ఉన్నాయి. ఆన్‌లో ఉన్నన్నాళ్ళూ వాటి జోలికి పోలేదు. పెట్రోలు అయిపోవచ్చి నాన్న ఆ సాయంత్రం రిజర్వుకు తిప్పాడు. తాతయ్య కొట్టు దగ్గర లీటరు పోయించుకుని, ట్యాపు మళ్ళీ ఆన్‌కు తిప్పటం మరిచిపోయాడు. కొట్టు నించి ఇంటికి ఎంత దూరం? నాలుగడుగులు. ఆ కాస్తా కార్బ్యురేటరులో నిలవ ఉన్న పెట్రోలుతోనే వచ్చేశాడు. తెల్లవారి చెరువుకట్ట దాకా అదే నడిపింది. అక్కడికి ట్యాంకు అడుగున ఉన్న నీళ్ళ వంతు వచ్చింది.

ఇంకో విచిత్రం. తాతయ్య పోసిన మంచి పెట్రోలులోని ఇథనాల్‌ను కూడా మా ట్యాంకులోని నీళ్ళు లాగేసుకున్నాయి. తప్పు ఆయన పెట్రోలు మా నీళ్ళను పాడుచేయటం కాదు, మా నీళ్ళు ఆయన పెట్రోలును పాడుచేయటం.

నీళ్ళు ఇంజనును ఎందుకు ఆపుతాయి?

కార్బ్యురేటరు పని బెర్నౌలీ సూత్రం మీద ఆధారపడింది. ఇంజను పీల్చే గాలి సన్నటి మెడ గుండా వేగంగా పోతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. అప్పుడు కింద ఫ్లోట్ చాంబరులోని పెట్రోలు జెట్టు గుండా పైకి ఎగజిమ్మి, తుంపరలై గాలిలో కలుస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. జెట్టు రంధ్రం సూదిమొన అంత. అక్కడ పెట్రోలుకు బదులు నీటిచుక్క వచ్చి నిలబడితే తలతన్యత మూలంగా అది కదలదు. కదిలి సిలిండరులోకి పోయినా మండదు, ప్లగ్గును తడిపేస్తుంది. అదీగాక నీళ్ళతో వచ్చిన మట్టి జెట్టును మూసేస్తుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే ట్యాంకులో తుప్పు, కార్బ్యురేటరు లోపల తెల్లటి బూజులాంటి పొడి పేరుకుంటాయి.

శుభ్రం చేసే విధానం

మేం చేసిన పని వరస క్రమంగా రాస్తున్నాను. అలవాటు లేనివారు తెలిసిన మెకానిక్కును పక్కన పెట్టుకునే చేయాలి.

1. ఆగిన బండిని పదే పదే కిక్కు కొట్టకండి. కొట్టిన ప్రతిసారీ మురికి మరింత లోపలికి పోతుంది. ట్యాపు ఆఫ్ చేయండి.

2. పని ఆరుబయట, నీడలో, గాలి ఆడే చోట పెట్టుకోండి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా మండగల ఆవిరి ఇస్తుంది. ఆ ఆవిరి గాలికంటె బరువు. నేలబారున పాకి, దూరాన ఉన్న పొయ్యిని కూడా అందుకుంటుంది. బీడీ, అగ్గిపుల్ల, వంటపొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు. బ్యాటరీ వైరు తీసెయ్యండి. ఇంజను చల్లారాకనే ముట్టుకోండి.

3. ట్యాంకు ఖాళీ చెయ్యండి. పైపు ఊడదీసి, రిజర్వులో పెట్టి పట్టండి. పైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు మన ఊళ్ళలో ఉంది. అది చాలా ప్రమాదం. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

4. సీటు తీసి, ట్యాంకు బోల్టు విప్పి, ట్యాంకును బయటికి తియ్యండి. ట్యాపు ఊడదీసి ట్యాంకును పూర్తిగా వంపండి. అరలీటరు మంచి పెట్రోలు పోసి, నాలుగు పక్కలా తిప్పి, వంపేయండి. ఇలా రెండుసార్లు. మొదటిసారి మాకు మట్టి వచ్చింది, రెండోసారి తేటగా వచ్చింది. లోపల తుప్పు ఉందేమో టార్చిలైటుతోనే చూడాలి. తుప్పు ఎక్కువగా ఉంటే మెకానిక్కుకు అప్పగించండి. ఖాళీ ట్యాంకు కదా అని వెల్డింగుకు ఇచ్చేరు! నిండు ట్యాంకు కంటె ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

5. ట్యాపు లోపల సన్నటి జల్లెడ ఉంటుంది. దాన్ని పెట్రోలులో జాడించి, ఎదురుగాలి కొట్టండి. దారిలో ఫిల్టరు ఉంటే కొత్తది వెయ్యండి. పైపు పగుళ్ళిచ్చి ఉంటే మార్చండి.

6. కార్బ్యురేటరు అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే ఫ్లోట్ చాంబరులోది కారిపోతుంది. కొద్దిపాటి నీళ్ళయితే దీనితోనే తీరిపోవచ్చు. మాకు మట్టి కూడా ఉంది గనుక చాంబరు విప్పవలసి వచ్చింది. పెద్ద జెట్టు, చిన్న జెట్టు విప్పి, పెట్రోలులో కడిగి, సైకిలు పంపుతో గాలి కొట్టి, వెలుతురుకెదురుగా పట్టుకుని చూశాం. రంధ్రం గుండ్రంగా, వెలుగు తిన్నగా కనపడాలి. ఇనపతీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తన. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా బండి పెట్రోలు తాగుతుంది, పొగ కక్కుతుంది.

7. ప్లగ్గు విప్పి, తుడిచి, ఆరబెట్టండి.

8. అన్నీ బిగించి, లీటరో రెండు లీటర్లో కొత్త పెట్రోలు పోసి, ట్యాపు తెరిచి, ముందు ఎక్కడా కారటం లేదని చూసుకుని, అప్పుడు స్టార్టు చేయండి. కాసేపు తడబడితే కంగారుపడనక్కరలేదు. ఇంజనాయిలు పుల్లతో చూడండి. పాలు పోసిన టీలా తెల్లబడినా, పెట్రోలు వాసన కొట్టినా ఆయిలు మార్చండి.

9. తీసిన మురికి పెట్రోలును కాలవలోనో, బావి పక్కనో, బోరు దగ్గరో పారబోయకండి. అది భూగర్భజలాన్ని పాడుచేస్తుంది. మాది మెకానిక్కు అన్న చెయిన్లు కడగటానికి పట్టుకుపోయాడు. పైన తేరిన పెట్రోలు బాగానే కనపడుతోంది గదా అని మళ్ళీ బండిలో పోసుకోవద్దు. ఇథనాల్ దిగిపోయినందువల్ల దాని ఆక్టేన్ విలువ తగ్గిపోయి ఉంటుంది.

మాకు పట్టింది మూడు గంటలు. పదకొండో కిక్కుకు బండి లేచింది.

ఇంజెక్షన్ బండ్ల సంగతి

2020 ఏప్రిల్ నించి అమలైన బి.ఎస్. 6 నిబంధనల మూలంగా ఇప్పటి కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బ్యురేటరు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. వీటిలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. తాళం తిప్పగానే సన్నటి మోత వినపడుతుందే, అది ఆ పంపుదే. చెడ్డ పెట్రోలు పడిందని అనుమానం వస్తే తాళం కూడా తిప్పకండి. తిప్పితే పంపు ఆ మురికిని ఫిల్టరు దాకా, ఇంజెక్టరు దాకా తోస్తుంది. పైపులో ఒత్తిడి ఉంటుంది గనుక చేతికొచ్చినట్టు ఊడదీయటం ప్రమాదం. ఇవి మెకానిక్కుకే వదిలెయ్యాలి. బండిని నెట్టుకుపోవటమే మనం చేయవలసిన పని.

నీళ్ళే కాదు, పొరపాటున డీజిలు పోసినా, ఎవరైనా కిరోసిను కలిపినా పెట్రోలు ఇంజను తెల్లని పొగ కక్కి, ప్లగ్గు నల్లబడి, డగడగ కొట్టుకుంటుంది. ఇవి పెట్రోలులో కలిసిపోతాయి. అడుగున తేరవు. కనుక సీసా పరీక్షకు దొరకవు. ట్యాంకు శుభ్రం చేసే పద్ధతి మాత్రం ఇంచుమించు ఇదే.

పరీక్ష ఎలా చేయాలి?

మొదటిది, నీళ్ళ పరీక్ష. శుభ్రంగా ఆరిన గాజుసీసాలో పెట్రోలు పట్టి, ఏమీ కలపకుండా, కదపకుండా అరగంట ఉంచండి. అడుగున వేరే పొర ఏర్పడినా, మొత్తం మసకబారినా నీళ్ళున్నట్టే. తేటగా ఉంటే విడి నీళ్ళు లేనట్టే. ఇథనాల్ ఉన్న పెట్రోలు కొద్దిపాటి తేమను తనలో దాచుకోగలదు. పది పాళ్ళ ఇథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకు సుమారు ఒక చెంచాడు నీళ్ళు ఓర్చుకుంటుంది. 20 పాళ్ళది ఇంకాస్త ఎక్కువే ఓర్చుకుంటుంది. చలి పెరిగితే ఆ ఓర్పు తగ్గుతుంది. హద్దు దాటితే ఒక్కసారిగా రెండు పొరలుగా విడిపోతుంది.

రెండోది, నేను చేసినది. నీళ్ళు పోసి ఊపే పరీక్ష. ఇది ఇథనాల్ ఎంత ఉందో చెప్పే పరీక్ష మాత్రమే. నీళ్ళు కలిపారని చెప్పే పరీక్ష కాదు. ఈ తేడా తెలియకుండా ఎవరూ ఎవరినీ నిలదీయవద్దని నా ప్రార్థన.

మూడోది, బంకులో చేయించుకునే పరీక్షలు. వడపోత కాగితం మీద ఒక చుక్క వేస్తే మంచి పెట్రోలు మరక మిగల్చకుండా ఆవిరైపోవాలి. సాంద్రత చూపించమని అడిగే హక్కు కూడా మనకుంది. హైడ్రోమీటరు, ఉష్ణమాపకం పెట్టి, 15 డిగ్రీల దగ్గరి విలువకు మార్చి, బంకులో రాసి ఉంచిన అంకెతో పోల్చాలి. ఘనమీటరుకు 3 కిలోలకు మించి తేడా వస్తే అనుమానించాలి. అడగటానికి మనం మొహమాటపడతాం. ఊళ్ళో ఒక ముసలాయన్ను నిలదీయటానికి మాత్రం మొహమాటపడం.

మళ్ళీ రచ్చబండ దగ్గర

బండి లేచిన సాయంత్రమే నాన్నకు అన్నీ విడమరిచి చెప్పాను. డబ్బా మూత సంగతి కూడా చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చొక్కా వేసుకుని "పద" అన్నాడు.

రచ్చబండ మీద మూడు సీసాలు పెట్టాను. ఒకటి తాతయ్య పెట్రోలు. ముందటి రోజు నించి కదపకుండా ఉంచింది. తేటగా ఉంది. రెండోది మా ట్యాంకులోది. మూడోది మా డబ్బాలోది. రెంటి అడుగునా ఒకే మట్టి, ఒకే నలుసులు. ఆ తర్వాత, ఎవరికీ అనుమానం మిగలకూడదని, నాన్న బంకుకు పోయి స్వయంగా పట్టించుకొచ్చిన పెట్రోలు తీసుకుని, అందులో నీళ్ళు పోసి ఊపాను. రెండు వేళ్ళు నాలుగు వేళ్ళయ్యాయి. "నిన్న నేను చెప్పింది తప్పు. ఇది నీళ్ళు కాదు, ఇథనాల్. తాతయ్య అడిగిన ప్రశ్నే సరైంది" అన్నాను.

కొందరు నమ్మారు. కొందరు "చుట్టాలు గదా, రాజీపడ్డారు" అన్నారు. ఒకతను ఇప్పటికీ ఆ కొట్లో పెట్రోలు కొనడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా నాయనమ్మ అనేది. ఆ మాట అర్థం నాకు అప్పుడు తెలిసింది. కార్బ్యురేటరును మూడు గంటల్లో శుభ్రం చేశాను. నేను వేసిన మచ్చను మాత్రం ఇప్పటికీ పూర్తిగా తుడవలేకపోయాను.

ఒక సంగతి దాచకూడదు. బీడీలు, అగ్గిపెట్టెలు అమ్మే బల్లమీదే పెట్రోలు సీసాలు పెట్టటం ప్రమాదకరమే. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం పెట్రోలు అమ్మటానికి అనుమతి ఉండాలి. మేం చావిట్లో మూతలేని ప్లాస్టిక్ డబ్బాలో దాచుకోవటం కూడా అంతే తప్పు. ఇవన్నీ తాతయ్యకు చెప్పాలనుకున్నాను. కాని ఆ సాయంత్రం చెప్పటానికి నాకు నోరు రాలేదు. సంక్రాంతి సెలవుల్లో చెప్పాను. విన్నాడు. ఇప్పుడు సీసాలు కొట్టు వెనక విడిగా, నీడపట్టున ఉన్నాయి. అసలు మానెయ్యమంటే మాత్రం "అర్ధరాత్రి కానుపు నొప్పులొస్తే ఆటోవాడు పదకొండు కిలోమీటర్లు నెట్టుకుపోతాడా?" అన్నాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు. ఈసారి లేదనే చెప్పాను.

ఆ సాయంత్రం నాన్న ఆయన చేతులు పట్టుకుని "తప్పయింది బాబాయ్" అన్నాడు. నేనూ వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే ఆయన భుజం పట్టుకుని లేపాడు.

"సరేలేరా, బండి లేచింది గదా. ముందు పోయి మీ డబ్బాకు ఓ మూత కొనండి" అన్నాడు.

సోదర విద్యార్థులారా! మనం ఊళ్ళకు వెళ్ళినప్పుడు మన మాటకు విలువ ఇచ్చేది మనల్ని చూసి కాదు, మనం చదివే సైన్సును చూసి. కనుక తీర్పు చెప్పేముందు ఒక్కసారి మనల్ని మనమే ప్రశ్నించుకుందాం. ఎదుటివాడు ప్రశ్న అడిగితే, వాడు ఎంత చదివాడని చూడకుండా, ప్రశ్న ఎంత సరైనదని చూద్దాం. సీసా ఎన్నడూ అబద్ధం చెప్పదు. దాని సాక్ష్యాన్ని చదవటం మనకు వచ్చి ఉండాలి.

– తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి